తొలి జెట్ విమానాల్లో ప్రయాణం నిజంగా అంత దర్జాగా ఉండేదా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: 1960ల నాటి విమానాల ఫొటోల్లో అందరూ సూట్లు, పట్టుచీరలు కట్టుకుని, కాళ్లు చాపుకుని, పింగాణీ పళ్లేల్లో భోంచేస్తూ కనిపిస్తారు. అదంతా నిజమేనా? నిజమైతే ఆ దర్జా ఎందుకు పోయింది? మన తెలుగువాళ్లు ఆ జెట్లు ఎక్కారా? అడిగినవారు అమెరికాలో వర్జీనియాలో ఉంటారట, ఆ పాత విమానాలను ఇప్పుడు ఎక్కడైనా చూడొచ్చా అని కూడా అడిగారు.

నేను బొంబాయి శాంతాక్రజ్ హ్యాంగర్లలో విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి. నేను చేరేసరికి బోయింగ్ 707లు పాతబడ్డాయి, కానీ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అవి కొత్తగా వచ్చిన రోజుల నుంచి వాటితోనే ఉన్న పెద్దవాళ్ల దగ్గర పని నేర్చుకున్నాను. ఆ విమానాలంటే నాకు ఇప్పటికీ ప్రాణం. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు సంగతి చెప్తాను. ఆ ఫొటోల్లో కనిపించే దర్జా జెట్‌తో వచ్చింది కాదు, జెట్ రాకముందే ఉంది. జెట్ తెచ్చిన కొత్తదనం వేరు. ఇంకా చెప్పాలంటే, ఆ దర్జాను చివరికి మింగేసింది కూడా జెట్టే. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు.

జెట్‌కి ముందు సముద్రాలు దాటే విమానాలంటే లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్, డగ్లస్ డీసీ-6, డీసీ-7, బోయింగ్ స్ట్రాటోక్రూజర్. అన్నీ పెట్రోలు ఇంజన్లు, ముందు పంకాలు. స్ట్రాటోక్రూజర్‌లో పడుకోవడానికి రైలు బెర్తుల్లాంటి పరుపులు ఉండేవి. మెలికల మెట్లు దిగి కిందికి వెళ్తే చిన్న బారు, కూర్చుని కబుర్లు చెప్పుకునే గది ఉండేవి. మన ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ 1948 జూన్ 8న 'మలబార్ ప్రిన్సెస్' అనే కాన్‌స్టెలేషన్‌తో బొంబాయి నుంచి కైరో, జెనీవా మీదుగా లండన్‌కు మొదటి సర్వీసు నడిపింది. ప్రయాణికులు 35 మంది. టిక్కెట్టు 1,720 రూపాయలు. అప్పట్లో ఒక గుమాస్తా ఏడాది జీతం కన్నా అది ఎక్కువే. అంత డబ్బు పెట్టి ఎక్కేవాళ్లు మహారాజులు, మిల్లుల యజమానులు, పెద్ద అధికారులు. వాళ్లను రెండు రోజుల పాటు విమానంలో కూర్చోబెట్టాలంటే మర్యాదలు చేయక తప్పదు. మర్యాదలు అందుకే పుట్టాయి.

అయితే ఆ మర్యాదల వెనక ప్రయాణం మాత్రం కష్టంగానే ఉండేది. కాన్‌స్టెలేషన్‌కి నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి 18 సిలిండర్లు. మొత్తం 72 సిలిండర్లు గంటల తరబడి పేలుతుంటే ఆ వణుకు సీటు లోంచి వెన్నులోకి వచ్చేది. దిగాక కూడా చెవుల్లో హోరు తగ్గేది కాదు. ఆ విమానాలు ఎగిరే ఎత్తులోనే మబ్బులు, గాలివానలు ఉండేవి కాబట్టి కుదుపులు తప్పేవి కావు. ప్రతి సీటు ముందూ వాంతికి సంచి ఉండేది, దానితో నిజంగానే పని పడేది. దారిలో ఒక ఇంజన్ ఆపేయాల్సి రావడం పైలట్లకు పెద్ద వింత కాదు. ఫొటోల్లో వణుకు కనపడదు, వాసన రాదు. అందుకే ఫొటోలు చూసి పాత ప్రయాణాన్ని లెక్కగట్టకూడదంటాను.

ఇంకో మాట. మీరు చూసిన ఫొటోల్లో చాలావరకు గాల్లో తీసినవి కావు. విమాన కంపెనీలు నేల మీద అసలు సైజు క్యాబిన్ నమూనాలు కట్టి, అందులో మోడళ్లను కూర్చోబెట్టి ప్రకటనలకు తీయించుకున్నవి. కెమెరాకి చోటు కావాలి కాబట్టి సీట్లు దూరంగా జరిపేవారు. నిజం క్యాబిన్‌లో అంత జాగా ఫస్ట్ క్లాసులో మాత్రమే ఉండేది.

ఇక జెట్ సంగతి. ప్రపంచంలో మొదటి జెట్ ప్రయాణికుల సర్వీసు 1952 మే 2న లండన్‌లో బయలుదేరింది. విమానం డి హావిలాండ్ కామెట్, నడిపింది బ్రిటన్ సంస్థ బీఓఏసీ. రోమ్, బీరూట్, ఖార్టూమ్, ఎంటెబీ, లివింగ్‌స్టన్‌లలో ఆగుతూ దాదాపు 24 గంటల్లో జొహానెస్‌బర్గ్ చేరింది. సీట్లు 36 మాత్రమే. ముందు భాగంలో ఎదురెదురు సీట్లు, మధ్యలో బల్లలు. అదే ఏడాది కామెట్ బొంబాయి మీదుగా కొలంబోకి కూడా వచ్చింది. అంటే లండన్-న్యూయార్క్ ప్రయాణికుల కంటే ఆరేళ్ల ముందే బొంబాయి నుంచి జెట్ ఎక్కే అవకాశం ఉండేది! ఈ సంగతి మనవాళ్లకే పెద్దగా తెలియదు.

అందులో ఎక్కినవాళ్లు అందరికీ చెప్పుకున్నది భోజనం గురించి కాదు, నిశ్శబ్దం గురించి. బల్ల మీద నాణెం అంచు మీద నిలబెడితే పడిపోకుండా నిలిచేది. పెన్సిలు నిలబెట్టి చూసేవారు. టర్బైన్ ఇంజన్‌లో ముందుకీ వెనక్కీ కొట్టుకునే భాగాలేవీ ఉండవు, అన్నీ ఒకే దిక్కున తిరిగేవే. అందుకే ఆ వణుకు లేదు. పైగా 35,000 అడుగుల పైకి వెళ్తే వాతావరణం చాలావరకు కిందే ఉండిపోతుంది. ఉరుములతో కూడిన మబ్బుల్ని పక్కనుంచి చూసుకుంటూ పోవచ్చు. పైన ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది. అప్పటిదాకా ప్రయాణమంటే శరీరం పడే శ్రమ. మొదటిసారి అది కుర్చీలో కూర్చుని ఉండటంగా మారింది. నా దృష్టిలో అసలైన కొత్తదనం ఇదే. షాంపేన్ గ్లాసులో షాంపేన్ కంటే, ఆ గ్లాసు కదలకుండా ఉండటం గొప్ప.

కానీ కామెట్ కథ విషాదంగా ముగిసింది. దీన్ని చెప్పకుండా ఆ రోజుల వైభవం గురించి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు. మొదటి సర్వీసు జరిగి సరిగ్గా ఏడాదికి, 1953 మే 2న, కలకత్తా డమ్‌డమ్ నుంచి లేచిన కామెట్ కొద్ది నిమిషాలకే గాలివానలో చిక్కుకుని విరిగిపోయింది. 43 మంది చనిపోయారు. 1954 జనవరి 10న రోమ్ నుంచి లండన్ వెళ్తున్న కామెట్ ఎల్బా ద్వీపం దగ్గర గాల్లోనే ముక్కలై సముద్రంలో పడింది. అందులో 35 మంది ఉన్నారు. రెండేళ్ల కిందట ఆ మొదటి సర్వీసు నడిపిన విమానం అదే. ఏప్రిల్ 8న ఇంకొకటి నేపుల్స్ దగ్గర పడిపోయింది, 21 మంది పోయారు. కామెట్లన్నిటినీ నేల మీదికి దించేశారు.

కారణం కనుక్కున్న తీరు మా వృత్తిలో అందరూ నేర్చుకునే పాఠం. జెట్ అంత ఎత్తులో ఎగరాలంటే లోపల గాలిని ఒత్తి నింపాలి. పైకి వెళ్లినప్పుడల్లా విమానం ఒళ్లు కొంచెం ఉబ్బుతుంది, దిగినప్పుడు మళ్లీ సర్దుకుంటుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే ఒకచోట పుటుక్కున తెగుతుంది కదా, అల్యూమినియం రేకుకీ అంతే గతి. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో ఒక కామెట్‌ను పెద్ద నీళ్ల తొట్టిలో పెట్టి, లోపల కూడా నీళ్లు నింపి, ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ వేల ప్రయాణాలను కొన్ని వారాల్లో చేయించారు. నీళ్లే ఎందుకంటే, రేకు చిరిగినప్పుడు గాలి అయితే బాంబులా పేలుతుంది, నీరు పేలదు. చిరుగు ఎక్కడ మొదలైందో చెక్కుచెదరకుండా దొరుకుతుంది. ఆ విమానం అంతకుముందు గాల్లో చేసినవీ, తొట్టిలో చేసినవీ కలిపి 3,057 ప్రయాణాల దగ్గర చిరిగింది. కిటికీల వంటి రంధ్రాల మూలల దగ్గర, రివెట్ల చుట్టూ లోహం అలిసిపోయిందని తేలింది. ఆ తర్వాత వచ్చిన జెట్లన్నీ ఈ పాఠం మీదే కట్టారు. మందమైన రేకు, గుండ్రని మూలలు, చీలిక పుట్టినా ముందుకు పాకకుండా లోపల అడ్డుపట్టీలు.

ఈలోగా మాస్కోలో టుపోలెవ్-104 వచ్చింది. ఏరోఫ్లాట్ దాన్ని 1956 సెప్టెంబరులో మాస్కో-ఇర్కుట్‌స్క్ మధ్య మొదలుపెట్టింది. రెండేళ్ల పాటు ప్రపంచంలో క్రమం తప్పకుండా నడిచిన ప్రయాణికుల జెట్ అదొక్కటే. 1958 అక్టోబరు 4న బీఓఏసీ బాగుచేసిన కామెట్-4తో లండన్-న్యూయార్క్ మధ్య ఎగిరింది. మూడు వారాలకే, అక్టోబరు 26న, అమెరికా సంస్థ పాన్ యామ్ వారి బోయింగ్ 707 న్యూయార్క్ నుంచి పారిస్‌కు బయలుదేరింది. దారిలో కెనడాలోని గాండర్‌లో ఇంధనం పోసుకుని తొమ్మిది గంటల లోపే పారిస్‌లో దిగింది. మొదటి రోజే 111 మంది ప్రయాణికులు.

ఇక్కడ ఒక కొలత చెప్తాను, మీ రెండో ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. పాన్ యామ్ అధిపతి హువాన్ ట్రిప్ 1955 అక్టోబరులో ఒకేసారి 45 జెట్లు ఆర్డరిచ్చాడు, 20 బోయింగ్‌లు, 25 డగ్లస్ డీసీ-8లు. డగ్లస్ వైపు ఎక్కువ మొగ్గడానికి కారణం, దాని క్యాబిన్‌లో అడ్డంగా ఆరు సీట్లు పడతాయి. బోయింగ్ మొదట కట్టిన నమూనా వెడల్పు 132 అంగుళాలే. బోయింగ్ వాళ్లు కంగారుపడి, ఖర్చుకు వెనకాడకుండా 707ని 148 అంగుళాలకు పెంచారు. డీసీ-8 కన్నా ఒక అంగుళం ఎక్కువ. అంటే జెట్ యుగం మొదలవకముందే, దారికి ఇటు మూడు, అటు మూడు సీట్లు అన్నది ఖాయమైపోయింది. ఈరోజు హైదరాబాద్ నుంచి విశాఖకు మీరు ఎక్కే బోయింగ్ 737 వెడల్పు కూడా ఆ 148 అంగుళాలే. మధ్య సీట్లో ఇరుక్కుని మోచేతులు ముడుచుకున్నప్పుడు మీరు కూర్చున్నది అచ్చంగా 'స్వర్ణయుగం' నాటి క్యాబిన్ వెడల్పులోనే.

లెక్క ఏమిటంటే, 707 పాత విమానం కన్నా సుమారు రెట్టింపు మందిని, ఇంచుమించు రెట్టింపు వేగంతో మోస్తుంది. పైగా ఖరీదైన హై ఆక్టేన్ పెట్రోలు అక్కర్లేదు, చవకైన కిరోసిన్ చాలు. ఇంజన్ విప్పి బాగుచేయాల్సిన అవసరం కూడా తక్కువ. అన్ని సీట్లు ఉన్నప్పుడు వాటిని నింపాలి. మహారాజులతో నిండవు. అందుకే అట్లాంటిక్ మీద ఎకానమీ క్లాసు కూడా అదే 1958లో, ఏప్రిల్‌లోనే పుట్టింది. జెట్టూ ఎకానమీ క్లాసూ కవలలు. ప్రయాణం ఏడెనిమిది గంటలకు తగ్గాక పడుకునే బెర్తులు ఎందుకు? తీసేశారు. కింది బారు ఎందుకు? పోయింది.

మరి అప్పటి ఎకానమీలోనూ మంచి భోజనం ఎలా పెట్టారు? దీనికి కారణం ప్రేమ కాదు, నిబంధన. అప్పట్లో ఏ విమాన సంస్థా తన ఇష్టం వచ్చినట్టు ఛార్జీ తగ్గించుకోకూడదు. అంతర్జాతీయ ఛార్జీలన్నీ ఐఏటీఏ (విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం) సమావేశాల్లో కూర్చుని ఖరారు చేసేవారు. లండన్‌కు టిక్కెట్టు ఏ కంపెనీలో కొన్నా ఒకటే ధర. ధరలో పోటీ లేనప్పుడు మిగిలింది అన్నం, చిరునవ్వు, చీర. ఆ పోటీ కూడా హద్దు దాటకూడదని, ఎకానమీలో శాండ్‌విచ్ మాత్రమే పెట్టాలని ఐఏటీఏ రూలు పెట్టింది. స్కాండినేవియా సంస్థ ఎస్ఏఎస్ తమ దేశపు పద్ధతిలో మాంసం, చీజు పేర్చి ఒక పూట భోజనమంత శాండ్‌విచ్ పెట్టేసరికి పాన్ యామ్ వెళ్లి ఫిర్యాదు చేసింది. శాండ్‌విచ్ అంటే ఎంత ఉండాలి అని దేశాల సంస్థలన్నీ కూర్చుని చర్చించుకున్నాయి! నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల మర్యాదల వెనక ఉన్న యంత్రాంగం అదే. 1978లో అమెరికా తన దేశంలోని ఛార్జీల మీద అదుపు ఎత్తేశాక, మెల్లగా మిగతా చోట్లా అదే దారి పట్టాక, జనం చవక టిక్కెట్టే కొన్నారు. భోజనం పోయింది.

ధర సంగతి కూడా తెలుసుకోవాలి. 1958లో న్యూయార్క్-పారిస్ జెట్‌లో ఒకవైపు ఎకానమీ టిక్కెట్టు 272 డాలర్లు. ఈనాటి లెక్కలో సుమారు 3,000 డాలర్లు, అదీ ఒక్క వైపుకే. ఇప్పుడు అంత డబ్బు పెడితే మీకు కూడా పింగాణీ పళ్లెంలో భోజనం, పడుకునే సీటు రెండూ వస్తాయి.

మన వైపుకు వద్దాం. ఎయిర్ ఇండియా 707లు 1960 ఫిబ్రవరి నుంచి రావడం మొదలైంది. ఆసియాలో 707 తీసుకున్న మొదటి సంస్థ మనదే. వాటికి బ్రిటన్ రోల్స్ రాయిస్ కాన్వే ఇంజన్లు పెట్టించుకున్నారు. ఆ ఏడాది మే 14న న్యూయార్క్ సర్వీసు మొదలైంది. 1962లో పాత సూపర్ కాన్‌స్టెలేషన్లన్నిటినీ పక్కన పెట్టి, ప్రపంచంలోనే జెట్లు మాత్రమే నడిపే మొదటి సంస్థగా నిలిచింది. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి పదిహేనేళ్లే. పేద దేశం, విదేశీ మారకద్రవ్యానికి కటకట. అలాంటి దేశం ఆ పని చేసిందంటే నాకు ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది. ఆ 707లకు హిమాలయ శిఖరాల పేర్లు పెట్టారు. బాబీ కూకా, ఉమేశ్ రావు 1946లో సృష్టించిన మహారాజా బొమ్మ అప్పటికే ఊరూరా తెలుసు. చైర్మన్ జేఆర్‌డీ టాటా స్వయంగా పైలట్, క్యాబిన్‌లో ప్రతి చిన్న విషయాన్నీ పట్టి చూసే మనిషి. 1967లో ప్రసిద్ధ చిత్రకారుడు సాల్వడార్ డాలీ చేత ప్రయాణికులకు ఇచ్చే యాష్‌ట్రే డిజైన్ చేయించుకుని, ప్రతిఫలంగా ఆయన కోరిన ఏనుగు పిల్లను పంపించారు కూడా.

యాష్‌ట్రే అన్నాను కాబట్టి, మా హ్యాంగర్ సంగతి ఒకటి చెప్తాను. అప్పట్లో విమానం నిండా సిగరెట్లే. సీటు చేతిలో యాష్‌ట్రే ఉండేది. క్యాబిన్‌లోని గాలి బయటికి పోవడానికి వెనక భాగంలో అవుట్‌ఫ్లో వాల్వులు ఉంటాయి. వాటిని విప్పితే నల్లగా, జిగటగా, తారు పూసినట్టు ఉండేవి. గుడ్డతో తుడిస్తే పోదు, సాల్వెంట్ పోసి గీకాలి. వాసన చేతికి రెండు రోజులు ఉండేది. విచిత్రం ఏమిటంటే ఆ పొగ మాకు ఒక సాయం కూడా చేసేది. విమానం ఒంటి మీద ఎక్కడైనా అతుకు సడలి గాలి లీకవుతుంటే, బయట రేకు మీద గోధుమ రంగు చార కనిపించేది. నికోటిన్ మరక. టార్చి లైటు వేసుకుని ఆ చారను వెనక్కి వెతుక్కుంటూ పోతే సన్నని లీకు దొరికేది. సీనియర్లు మాకు నేర్పిన మొదటి విషయాల్లో అదొకటి. లోపల సూట్లు వేసుకున్న దొరలూ, పక్క సీట్లో పసిపిల్లలూ అందరూ పీల్చింది ఆ గాలినే. ఫొటోలో కనపడనిది ఇదీ.

707 తలుపు కూడా చూడాల్సిన వస్తువు. తలుపు దాని గుమ్మం కన్నా పెద్దది. బిగించినప్పుడు లోపలి నుంచి బిరడాలా కూర్చుంటుంది, లోపలి గాలే దాన్ని ఇంకా బిగిస్తుంది. పైన ఎగురుతుండగా ఎంత బలవంతుడైనా దాన్ని తెరవలేడు. తెరవాలంటే పిడి తిప్పి ముందు లోపలికి లాగాలి, తర్వాత పక్కకి వాల్చి, అదే గుమ్మంలోంచి ఏటవాలుగా బయటికి తోయాలి. పెద్ద తలుపు చిన్న గుమ్మంలోంచి బయటికి ఎలా వెళ్లిందా అని కొత్తవాళ్లు నోరు తెరుచుకుని చూసేవారు. అంత తెలివైన తలుపు నేను మళ్లీ చూడలేదు.

సీట్ల పైన ఇప్పటిలా మూతలున్న అరలు ఉండేవి కావు. తెరిచి ఉన్న అటక మాత్రమే. టోపీ, కోటు, దుప్పటి పెట్టుకోవడానికి. బరువైనది పెడితే కుదుపులో నెత్తిన పడుతుంది. అందుకే చేతి సామాను తక్కువ, క్యాబిన్ విశాలంగా అనిపించేది. మూతలున్న అరలు 747తో వచ్చాయి.

బయట ఉన్నవాళ్లకు మాత్రం జెట్ సుఖం కాదు. తొలి జెట్ల రొద భయంకరం. అమెరికా ఇంజన్లున్న తొలి 707ల్లో టేకాఫ్‌కి బలం చాలక ఇంజన్లలోకి నీళ్లు చిమ్మేవారు. నల్లటి పొగ బారులు తీరేది. న్యూయార్క్‌లో విమానాశ్రయం చుట్టుపక్కల జనం గొడవ చేసి రొదకు హద్దు పెట్టించారు.

ప్రమాదాల విషయం కూడా దాచకూడదు. 1961 ఫిబ్రవరిలో బ్రసెల్స్ దగ్గర బెల్జియం సంస్థ సబేనా వారి 707 కూలి అమెరికా ఫిగర్ స్కేటింగ్ జట్టు మొత్తం చనిపోయింది. 1966 జనవరి 24న మన 'కాంచనజంగ' జెనీవాలో దిగబోతూ మోంట్ బ్లాంక్ పర్వతాన్ని ఢీకొంది. 117 మంది చనిపోయారు, వారిలో హోమీ భాభా ఉన్నారు. అంతకు పదిహేనేళ్ల ముందు, 1950 నవంబరులో, ఆ 'మలబార్ ప్రిన్సెస్' కూడా అదే పర్వతానికి కొట్టుకుంది. అప్పట్లో జీపీఎస్ లేదు. 707 కాక్‌పిట్‌లో పైకప్పుకి ఒక రంధ్రం ఉండేది. అందులోంచి పెరిస్కోపు లాంటి సెక్స్‌టెంట్ పైకి పెట్టి నేవిగేటర్ నక్షత్రాలను చూసి విమానం ఎక్కడుందో లెక్కగట్టేవాడు. పాత కాలంలో ఓడవాళ్లు చేసిన పనే, గంటకు 900 కిలోమీటర్ల వేగంతో.

ఎయిర్ హోస్టెస్‌ల గురించి ఒక మాట. ఆ వెలుగు మోసింది ముఖ్యంగా వాళ్లే. చీర కట్టు, జడ, నవ్వు, అన్నిటికీ కొలతలు. ఎయిర్ ఇండియా నిబంధనల ప్రకారం 35 ఏళ్లకే రిటైర్మెంట్. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లయితే ఉద్యోగం పోతుంది. మొదటిసారి గర్భం వస్తే పోతుంది. విమానంలోనే పనిచేసే మగ సిబ్బందికి, అంటే పర్సర్లకు, ఇవేమీ లేవు. నర్గేశ్ మీర్జా, ఇంకొందరు సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1981లో కోర్టు ఆ గర్భం నిబంధనను కొట్టేసింది, పెళ్లి నిబంధనను మాత్రం అలాగే ఉండనిచ్చింది. పాశ్చాత్య దేశాల్లోనూ ఇలాంటి రూళ్లే ఉండేవి. 'ఆ రోజుల్లో ఎంత చక్కగా ఉండేదో' అని ఎవరైనా అంటే నాకు వెంటనే ఈ అమ్మాయిలు గుర్తొస్తారు.

తెలుగువాళ్లు ఎక్కారా అంటే, ఎక్కారు. తొలినాళ్లలో కొద్దిమందే. ఇంగ్లండ్ చదువులకు చాలామంది ఇంకా ఓడలోనే వెళ్లేవారు, రెండు మూడు వారాలు పట్టేది. 1965లో అమెరికా వలస చట్టం మారి, 1968 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చాక మన డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో వెళ్లారు. అమెరికాలో స్థిరపడిన మొదటి తరం తెలుగువాళ్లలో ఎక్కువమంది ఎక్కిన మొదటి జెట్ 707యో, దాని ఈడుదో అయ్యుంటుంది. గుంటూరు, విశాఖ, హైదరాబాద్ మెడికల్ కాలేజీల్లో చదివిన వాళ్లను మీ చుట్టుపక్కల పెద్దల్లో అడిగి చూడండి, కళ్లకు కట్టినట్టు చెప్తారు.

వాళ్ల ప్రయాణం ఫొటోల్లోలా ఉండేది కాదు. ముందు పాస్‌పోర్టు. అది పౌరుడి హక్కు కాదు, ప్రభుత్వం దయ తలిస్తే ఇచ్చేది. 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు విదేశాలకు వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని చెప్పాకే పాస్‌పోర్టు చట్టం వచ్చింది. తర్వాత రిజర్వు బ్యాంకు వారి పీ-ఫారం, అంటే విదేశీ ప్రయాణానికి అనుమతి పత్రం. అది లేనిదే టిక్కెట్టు చేతికి రాదు. ఆపైన జేబులో పెట్టుకోవడానికి అనుమతించే డాలర్లు ఎనిమిదే అని ఆ తరం వాళ్లంతా చెప్తారు. ఎనిమిది డాలర్లతో న్యూయార్క్‌లో దిగి, తీసుకెళ్లే మనిషి రాకపోతే గతేమిటి? ఆ టెన్షన్‌తోనే విమానంలో కూర్చునేవారు. కొత్తగా కుట్టించుకున్న సూటు దర్జా కోసం కాదు, దిగాక ఇంటర్వ్యూకి వేసుకోవడానికి అదొక్కటే. ఒంటి మీద వేసుకుంటే పెట్టె బరువు కూడా తగ్గుతుంది.

బేగంపేట విమానాశ్రయంలో సాగనంపడం ఒక పెళ్లి హడావుడి. బంధువులంతా లారీలు, బస్సులు కట్టుకుని వచ్చేవారు. మెడ నిండా పూలదండలు, నుదుట కుంకుమ. అక్కడి నుంచి బొంబాయికి చిన్న విమానం, బొంబాయిలో అర్ధరాత్రి వేళ జెట్. బొంబాయి దాకా తోడు వచ్చిన తండ్రులు రెయిలింగ్ పట్టుకుని, ఎర్రదీపం కనపడకుండా పోయేదాకా నిలబడటం నేను ఎన్నోసార్లు చూశాను. తిరుగు టిక్కెట్టు కొనుక్కునే స్తోమత వచ్చేదాకా, అంటే కొన్నేళ్ల దాకా, మళ్లీ చూసుకోలేమని ఇద్దరికీ తెలుసు. ట్రంక్ కాల్ కూడా అందరి వల్లా అయ్యేది కాదు. 1971లో మన 747 'ఎంపరర్ అశోక' వచ్చి సీట్లు ఇంకా పెరిగాక, ఛార్జీలు మెల్లగా అందుబాటులోకి వచ్చాక, అమ్మానాన్నలు కూడా విమానమెక్కి మనవల్ని చూసిరావడం మొదలైంది. దర్జా తగ్గిన విమానమే వాళ్లను తీసుకెళ్లింది. నన్ను అడిగితే ఈ బేరంలో మనం లాభపడ్డాం.

పాతవాటిని చూడాలనుంటే మీకు చాలా దగ్గరే. వాషింగ్టన్ దగ్గరి డల్లస్ (Dulles) విమానాశ్రయం పక్కన షాంటిలీలో స్మిత్సోనియన్ వారి ఉడ్వర్-హాజీ మ్యూజియం ఉంది. 707కి మూలమైన ఆ 132 అంగుళాల నమూనా విమానం, 1954 జులై 15న మొదటిసారి ఎగిరినది, పసుపు గోధుమ రంగుల్లో అక్కడే ఉంది. ఇంజన్లను రెక్క కింద విడివిడిగా, ముందుకు వేలాడదీసిన తీరు దగ్గర నుంచి చూడండి. ఇంజన్‌కి నిప్పంటుకున్నా రెక్కకీ క్యాబిన్‌కీ దూరంగా ఉండాలని అలా పెట్టారు. కామెట్‌లో ఇంజన్లు రెక్క లోపలే ఉండేవి. ఇప్పటి విమానాల్లో ఎక్కువ శాతం ఈ నమూనా పద్ధతినే అనుసరిస్తున్నాయి. ఇక డల్లస్ పాత టెర్మినల్‌ను వాస్తుశిల్పి ఈరో సారినెన్ జెట్ల కోసమే గీశాడు, 1962లో తెరిచారు. ప్రయాణికులు నడవకుండా గదినే విమానం దగ్గరికి తీసుకెళ్లాలని ఆయన పెట్టించిన చక్రాల బండ్లు మీరు ఎక్కే ఉంటారు. న్యూయార్క్ వెళ్లినప్పుడు వీలైతే కెనడీ విమానాశ్రయంలో అమెరికా విమాన సంస్థ టీడబ్ల్యూఏ కోసం ఆయనే గీసిన టెర్మినల్ కూడా చూడండి. అది 2019 నుంచి హోటల్‌గా నడుస్తోంది, లోపలికి వెళ్లి తిరగొచ్చు.